ఎస్సారెస్పీ కాల్వలో పడవలు ఎందుకు నడవవు? లాకుల గురించి కాస్త వివరంగా

హనుమకొండ తమ్ముడు అడిగింది ఇది. ధవళేశ్వరంలో పడవ లాకులోంచి కిందికి దిగడం చూశాడట. నీటి మట్టం అలా ఎలా మారుతుంది, తలుపులు రెండూ కలిసి వీ ఆకారంలో ఎందుకుంటాయి, మన ఊరి పక్కనుంచి పోయే ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వకు అలాంటి లాకులు ఎందుకు పెట్టలేదు, భద్రాచలం దగ్గర గోదావరి మీద దుమ్ముగూడెంలో ఇంగ్లీషు వాళ్లు కట్టిన లాకులు ఎందుకు మూలనపడ్డాయి అని నాలుగు ప్రశ్నలు. దానికి ఇంకొకరు "మన దగ్గర నీళ్లు తక్కువ, లాకు నీళ్లన్నీ తాగేస్తది, అందుకే పెట్టలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట నిజం కాదు. అసలు కారణం వేరే ఉంది. నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఎస్సారెస్పీ కాల్వల మీదే, మధ్యలో కొన్నాళ్లు భద్రాచలం వైపు. అందుకని నాకు తెలిసినంతలో రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టాలి.

లాకు పనితీరు ముందు చూద్దాం. కాల్వ ఒకచోట ఆరేడు అడుగులు కిందికి దిగాల్సి వస్తుంది. నీళ్లకేం, దూకేస్తాయి. పడవ దూకలేదు. ఆ దిగే చోట రెండు పక్కలా రాతి గోడలు కట్టి, ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు పెడితే మధ్యలో పొడవాటి గది తయారవుతుంది. అదే లాకు. పైనుంచి పడవ వస్తోందంటే దిగువ తలుపులు మూసి ఉంచి, గదిని ఎగువ మట్టం దాకా నింపుతారు. అప్పుడు ఎగువ తలుపులు తీస్తే పడవ లోపలికి వస్తుంది. వెనక తలుపులు మూసేసి, దిగువ తలుపులకు ఉన్న చిన్న షట్టర్లను ఇనుప హ్యాండిల్‌తో తిప్పి ఎత్తుతారు. గదిలో నీళ్లు బయటికి పోతుంటే పడవ వాటితోపాటే దిగుతుంది. లోపలి మట్టం, బయటి మట్టం ఒకటయ్యాక దిగువ తలుపులు తెరిస్తే పడవ తన దారిన పోతుంది. పైకి ఎక్కాలంటే ఇదంతా తిరగేసి చేయాలి.

ఇందులో కరెంటు లేదు, మోటారు లేదు. మన రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గరి గాయత్రి పంప్‌హౌస్‌లో నీళ్లను పైకి తోడడానికి పెట్టిన ఒక్కో మోటారు 139 మెగావాట్లది. లాకులో మాత్రం టన్నులకొద్దీ ధాన్యం ఉన్న పడవను ఎక్కించడానికి ఇద్దరు మనుషులు చాలు. వాళ్లు చేసేది కూడా షట్టరు తిప్పడం, తలుపు నెట్టడం, అంతే. ఎత్తే పని పైనుంచి వచ్చే నీళ్లదే.

తలుపుల సంగతికి వద్దాం. లాకులో చూడదగ్గ తెలివంతా అక్కడే ఉంది. తలుపుల జత మూసుకున్నప్పుడు తిన్నగా ఒకే గీతలో ఉండదు. మధ్యలో కలిసే చోటు ఎగువకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఎగువ నీళ్లు ఎంత గట్టిగా నెడితే రెండు తలుపులు ఒకదాన్నొకటి అంత గట్టిగా అదుముకుంటాయి. రెండు పేకముక్కలు ఒకదానికొకటి ఆనించి నిలబెడితే పైనుంచి పడే బరువు వాటిని కలిపి ఉంచుతుంది కదా, ఇదీ ఆ లెక్కే. ఆ తోపుడంతా చివరికి రెండు పక్కల రాతి గోడల్లోకి పోతుంది. అందుకే గోడలు అంత మందంగా ఉంటాయి. గొళ్లెం, తాళం ఏమీ అక్కర్లేదు.

లెక్క వేసి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. గది 6 మీటర్ల వెడల్పు ఉందనుకో. ఒక్కో తలుపు 3.3 మీటర్ల దాకా ఉంటుంది. లోపల మూడున్నర మీటర్ల నీరు, బయట ఒకటిన్నర మీటర్లు, అంటే తేడా 2 మీటర్లు. ఒక్క తలుపు మీద పడే తోపుడు దాదాపు 16 టన్నులు. ఏ మనిషీ, ఏ ట్రాక్టరూ దాన్ని తీయలేదు. నీళ్లు దిగుతూ దిగుతూ చివరికి ఒక్క అంగుళం తేడా మిగిలిందనుకో, అప్పుడు కూడా తలుపు మీద నూరు కిలోల పైనే తోపుడుంటుంది. తేడా పూర్తిగా పోయాక మాత్రం ఒక్క మనిషి నడుము ఆనించి నెడితే మెల్లగా కదులుతుంది. తొందరపడి ముందే తీద్దామన్నా తలుపు రాదు. నీళ్లే కాపలా కాస్తాయి. డెల్టాలో లాకు తలుపులు చూసుకునే పాత లస్కర్లు మట్టం సమానమైందో లేదో కొలబద్ద చూసి చెప్పరు. తలుపుల సందులోంచి చిమ్మే నీటి చప్పుడు ఆగిందా లేదా అని చెవితో వింటారు.

ఒక ప్రమాదం మాత్రం ఉంది, చాలామందికి తెలియదు. ఎగువ తలుపుల కింద రాతి గడప ఉంటుంది. అది గదిలోకి కాస్త పొడుచుకొచ్చి ఉంటుంది. గది నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో మునిగి కనిపించదు. పడవ దిగేటప్పుడు వెనక భాగం ఆ గడప మీద కూర్చుందంటే, ముందు భాగం నీళ్లతో పాటు కిందికి పోతుంది, వెనక భాగం పైనే ఉండిపోతుంది. బరువున్న పడవ నిమిషాల్లో ఒరిగి మునిగిపోతుంది. అందుకే లాకులో పడవను తాడుతో ముందుకు లాగి పట్టుకుంటారు. ఏదైనా తేడా అనిపిస్తే ముందు చేయాల్సింది షట్టరు దించేయడం, ఆ తర్వాతే అరవడం.

ఈ ఆలోచన మన దేశంలో పుట్టలేదు, ఇంగ్లండులోనూ పుట్టలేదు. చైనాలో 984లో గ్రాండ్ కెనాల్ మీద ఒక అధికారి రెండు గేట్ల మధ్య పడవను నిలిపే పద్ధతి తెచ్చాడు. అంతకు ముందు పడవలను వాలుగా కట్టిన గట్టు మీదికి తాళ్లతో ఈడ్చేవారు. ఆ ఈడ్పులో పడవలు విరిగేవి, ఆ సందట్లో సర్కారు పన్ను కింద పోయే ధాన్యాన్ని దొంగలు ఎత్తుకుపోయేవారు. ఆ దొంగతనం ఆపడానికే ఇది చేశాడంటారు. అప్పటి గేట్లు పైకి ఎత్తేవి. ఒకదానికొకటి ఆనుకునే తలుపుల జత తర్వాత ఇటలీలో వచ్చింది, లియొనార్డో డా విన్సీ గీసిన బొమ్మల్లో అది కనిపిస్తుంది.

ఇప్పుడు "లాకు నీళ్లన్నీ తాగేస్తది" అన్న మాట చూద్దాం. గది పొడవు 40 మీటర్లు, వెడల్పు 6, ఎగువ దిగువ మట్టాల తేడా 2 మీటర్లు అనుకుందాం. ఒకసారి నింపి వదిలితే 480 ఘనపు మీటర్లు, అంటే 4 లక్షల 80 వేల లీటర్లు. చెవికి చాలా పెద్దగా వినిపిస్తుంది. కానీ మన ఎస్సారెస్పీ పెద్ద కాల్వ, అంటే కాకతీయ కాల్వ, తల దగ్గర డిజైన్ ప్రవాహం 9,700 క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకు 28.3 లీటర్లు. కాల్వ నిండుగా పారుతుంటే ఆ లాకు నీళ్లు రెండు సెకన్లలోపు వచ్చేస్తాయి. రోజుకు పదిసార్లు నింపి వదిలినా రోజంతా 2 క్యూసెక్కులు పారినంత. పైగా ఆ నీళ్లు ఎటు పోయాయి? దిగువ కాల్వలోకే, అక్కడినుంచి పొలాలకే. వరుసగా పది లాకులున్నా ఖర్చు పదింతలు కాదు, పై లాకు వదిలిన నీళ్లే కింది లాకును నింపుతాయి. తలుపుల సందుల్లో కారిపోయేది కాస్త ఉంటుంది, అది ఏ కాల్వ గేటుకైనా ఉండేదే.

మరి మన కాల్వకు ఎందుకు పెట్టలేదు? పడవకు కావాల్సింది పారే నీళ్లు కాదు, నిలిచి ఉండే లోతు. నిండు పడవకు నాలుగైదు అడుగుల నీరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండాలి. రోజుకో మట్టం ఉంటే వ్యాపారి సరుకు ఎక్కించడు. ఎస్సారెస్పీ కాల్వ సంగతి మన వైపు రైతులందరికీ తెలుసు. ప్రాజెక్టులోకి వరద వచ్చేదాకా కాల్వ ఎండి ఉంటుంది. యాసంగిలో వారబందీ, కొన్ని రోజులు ఇస్తారు, కొన్ని రోజులు బంద్ చేస్తారు. నీళ్లు చివరి ఆయకట్టుకు చేరేసరికి పై వాళ్ల మోటార్లు, తూములు సగం లాగేసి ఉంటాయి. పంటకు తడి అందితే చాలు, నీళ్లు రెండు రోజులు ఆలస్యమైనా వరి ఓర్చుకుంటుంది. కాల్వ బంద్ చేసిన రోజు పడవ మాత్రం బురదలో కూర్చుంటుంది.

వాలు సంగతి కూడా ఉంది. సముద్ర మట్టం నుంచి లెక్కిస్తే శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1,091 అడుగులు, ఈ కాల్వ నీళ్లు చేరే కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు జలాశయం పూర్తి మట్టం 920 అడుగులు. కాల్వ వెంట 146 కిలోమీటర్లలో 171 అడుగుల తేడా. అందులో కొంత తల దగ్గరి పవర్‌హౌస్‌లో, కొంత కాల్వ వాలులో, మిగతాది మధ్య కట్టడాల్లో పోతుంది. అక్కడి నుంచి ఓరుగల్లు దాకా కాల్వ 284వ కిలోమీటరు వరకు ఇంకా దిగుతూనే వస్తుంది. గోదావరి డెల్టా అలా కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటి మట్టమే సముద్ర మట్టానికి 45 అడుగుల ఎత్తు చుట్టుపక్కల. ఆ 45 అడుగులే సముద్రం దాకా పంచుకుంటూ పోవాలి. అంత చదునైన నేలలో నీరు నెమ్మదిగా నడుస్తుంది, కాబట్టి ఎదురు ప్రవాహంలో కూడా గట్టు మీద నుంచి ఇద్దరు మనుషులు తాడు కట్టి పడవను లాగుకుంటూ పోయేవారు. మన కాల్వ సిమెంటు లైనింగ్ చేసిన కాల్వ, సెకనుకు మీటరు చుట్టుపక్కల వేగంతో పరుగెత్తాలని కట్టింది. దానికి ఎదురుగా పడవను లాగడం మనుషుల పని కాదు. ఇక్కడే ఒక మాట, ఇది లాకుకు సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేను. వేసవి సెలవుల్లో పిల్లలు ఈత కోసం ఆ కాల్వలో దిగుతారు. వాలుగా ఉన్న సిమెంటు మీద పాచి పడితే ఎంత ఈతగాడికైనా కాలు నిలవదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తాడు కట్టుకోకుండా ఎవరినీ దిగనివ్వకండి.

ఇంకో అడ్డంకి వంతెనలు. పడవల కోసం కట్టిన కాల్వ మీద వంతెన ఎత్తుగా కడతారు, గట్టు మీద తాడు లాగే దారి వదులుతారు. మన కాల్వ మీద ఊరూరికీ వంతెనలున్నాయి, వాటిలో చాలావాటి కింద నిండు నీళ్లలో పడవ దూరదు. ఇవన్నీ మార్చాలంటే కొత్త కాల్వ తవ్వినంత పని. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ తన కాల్వలను మొదటి రోజు నుంచే రెండు పనులకు గీశాడు, పొలానికి నీళ్లు, పడవకు దారి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. తర్వాత ఏలూరు కాల్వ ద్వారా గోదావరి నీటి దారి బెజవాడ కృష్ణతో కలిసింది. అక్కడి నుంచి కొమ్మమూరు కాల్వ, బకింగ్‌హామ్ కాల్వ మీదుగా కాకినాడ పడవ మద్రాసు దాకా పోయేది. మన ప్రాజెక్టుకు 1963లో పునాది రాయి పడేనాటికి కాజీపేట నుంచి మూడు వైపులా రైళ్లున్నాయి, లారీలున్నాయి. పడవ గురించి ఎవరూ ఆలోచించలేదంటే వాళ్ల తప్పేం కాదు.

దుమ్ముగూడెం కథ మాత్రం వేరే. అక్కడ ఆలోచించారు, కట్టారు, అయినా పారలేదు.

1850లలో కాటన్‌కు గోదావరిని నాగపూర్ వైపు దాకా పడవల దారి చేయాలన్న పట్టుదల ఉండేది. రైళ్ల కన్నా నీటి దారే చవక అని అతను చివరిదాకా వాదించాడు. ఇప్పటి మహారాష్ట్రలోని వార్ధా లోయలో, బేరారులో మంచి పత్తి పండేది. దాన్ని ప్రాణహిత మీదుగా గోదావరిలోకి, అక్కడి నుంచి కోరంగి, కాకినాడ రేవులకు దించాలన్నది ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయేసరికి ఈ పథకానికి ఎక్కడలేని తొందర వచ్చింది. దారి కూడా సుగమం చేసుకున్నారు. 1860 ఒప్పందంలో నిజాం నవాబు గోదావరి ఎడమ గట్టు ప్రాంతాలను వదులుకున్నాడు, నది మీద పోయే సరుకుకు సుంకం లేకుండా ఒప్పుకున్నాడు. సిరోంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. కుడి గట్టు, అంటే మన మంథని, మహదేవపూర్, ఏటూరునాగారం వైపు, నిజాం కిందే ఉంది.

నదిలో మూడు చోట్ల రాళ్ల బారులు అడ్డం వస్తాయి. కింది నుంచి లెక్కపెడితే మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంద్రావతి కలిసే చోటుకు దగ్గరలో ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ఒక్కోచోట నది మైళ్ల తరబడి బండల మీద నురగలు కక్కుతూ దిగుతుంది. పథకం ఏమిటంటే, రాళ్ల బారు పైన ఆనకట్ట కట్టి నీరు నిలబెట్టాలి, పక్కనుంచి కాల్వ తవ్వి పడవను బండలు తప్పించి తీసుకుపోవాలి, మట్టం తేడాను లాకులతో దించాలి. పనుల బాధ్యత హేగ్ అనే ఇంజనీరుది. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాల్వ, లాకులు తయారయ్యాయి. పైన పనులు పూర్తి కాలేదు. 1871లో ప్రభుత్వం మొత్తం పథకాన్నే ఆపేసింది.

ఎందుకు ఆపారంటే కారణాలు చాలానే. అడవి జ్వరాలు కూలీలను, మేస్త్రీలను పడగొట్టాయి. పనికి మనుషులు నిలిచేవారు కాదు. 1865లో అమెరికా యుద్ధం ముగిసి అక్కడి పత్తి మళ్లీ వచ్చింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. ఇక బేరారు రైతు పత్తి పడవ కోసం ఎదురుచూడడం ఎందుకు? కానీ నా ఉద్దేశంలో ఇవన్నీ లేకపోయినా పథకం కుంటేది, నది కారణంగా. గోదావరి పై భాగం వానాకాలం నది. సెప్టెంబరు దాటాక రోజురోజుకూ నీరు తగ్గుతూ, ఏప్రిల్ నాటికి ఇసుక తిన్నెల మధ్య పాయలుగా మిగులుతుంది. ఆనకట్ట కట్టిన చోట కొన్ని మైళ్ల నీరు నిలుస్తుంది నిజమే. ఒక ఆనకట్ట నీరు ఆగిన చోటుకూ, తర్వాతి ఆనకట్టకూ మధ్య ఉన్న పొడవంతా? అక్కడ పడవకు లోతు ఎవరిస్తారు? మూడు అడ్డంకుల దగ్గర లాకులు కట్టాలని చూసి మధ్య నదిని దేవుడికి వదిలేశారు. కట్టుడు పనిలో తప్పు లేదు, ఆ ఇంజనీర్ల రాతి పని ఈరోజు చూసినా ముచ్చటేస్తుంది. నీటి లెక్కే వాళ్లకు కుదరలేదు.

వరద వైపు నుంచి చూసినా అంతే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. అలాంటి నది పక్కన లాకు కట్టాలంటే వేసవిలో అడుగంటిన నీళ్లకూ పనికిరావాలి, వరదలో మొత్తం మునిగి మళ్లీ తేలినా తలుపులు ఉండాలి. ఒక్క వరదలో కాల్వ నిండా ఇసుక, దుంగలు వచ్చి పడతాయి. తలుపు అడుగున ఇనుప బొడిపె ఉంటుంది, తలుపంతా దాని మీదే తిరుగుతుంది. దాని చుట్టూ గుప్పెడు ఇసుక చేరినా తలుపు బిగుసుకుపోతుంది. గడపకు ఆనాల్సిన చోట ఒక కర్రముక్క అడ్డం పడినా మూసుకోదు, కారుతూనే ఉంటుంది. డెల్టాలో దీన్ని చూసుకోవడానికి ప్రతి లాకుకూ మనిషి ఉంటాడు, కాల్వ కట్టేసిన రోజుల్లో పూడిక తీసి తలుపులు విప్పి బాగుచేస్తారు. పడవలే రాని లాకుకు ఆ మనిషిని ఎవరు పెడతారు, జీతం ఎవరిస్తారు? వాడకం ఆగాక తలుపుల కర్ర ముందు పోతుంది, తర్వాత ఇనుము పోతుంది, రాయి మిగులుతుంది.

ఇక్కడ ఒక తమాషా. పథకం ఆపేసిన 1871లోనే భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. పత్తి కన్నా బొగ్గే పడవకు తగిన సరుకు. బరువెక్కువ, ధర తక్కువ, తొందర లేదు. కానీ అప్పటికే రైలు కాలం వచ్చేసింది. 1889 నాటికి నిజాం రైలు సికింద్రాబాద్ నుంచి మన ఓరుగల్లు మీదుగా బెజవాడ చేరింది, బొగ్గు దాని మీదే పోయింది.

కాకతీయులు ఎందుకు ఇలాంటివి కట్టలేదని కూడా కొందరు అడుగుతుంటారు. వాళ్లకు అవసరం లేదు. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం, ఇవన్నీ వాన నీటిని పట్టి ఉంచే చెరువులు. తూములోంచి పొలానికి, మత్తడి దూకి కింది చెరువుకు, అలా గొలుసుకట్టుగా నీళ్లు దిగుతాయి. అందులో ప్రయాణం చేసేది నీళ్లే.

ఇకముందు వస్తాయా అంటే, కాగితం మీద చాలానే ఉంది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి ఉంది. 2016 చట్టంతో దాన్ని పైకి నాసిక్ దాకా పొడిగించారు. పోలవరం డిజైన్‌లో ఎడమ వైపు పడవల కోసం లాకులు, టన్నెల్ ఉన్నాయి. అది సరిగ్గా పనిచేస్తే పాపికొండల మీదుగా పై నుంచి కిందికి దారి మిగులుతుంది. మన వైపు గోదావరి మీద వరుసగా బ్యారేజీలు వచ్చాయి. మేడిగడ్డ 85 గేట్లు, అన్నారం 66, సుందిళ్ల 74, కింద తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ 59. ఒక బ్యారేజీ నీరు పై బ్యారేజీ పాదాల దాకా నిలిస్తే, నూట యాభై ఏళ్ల కింద హేగ్‌కు దొరకని లోతు నిజంగానే దొరుకుతుంది. కానీ అలా నిలబెట్టడమే కష్టం. మేడిగడ్డలో 2023 అక్టోబరులో పియర్లు, అంటే గేట్ల మధ్య స్తంభాలు, కుంగాక నీరు నిల్వ చేయడమే ఆగింది. పైగా ఈ బ్యారేజీల నీళ్లను ఎప్పుడు పంపు చేయాలి, ఎప్పుడు వదలాలి అన్నది పంటను బట్టి, వరదను బట్టి నడుస్తుంది. పడవ కోసం నీటి మట్టం పట్టి ఉంచుతామని ఏ ఇంజనీరూ మాట ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. సరుకు ఒక వైపే పోయి పడవ ఖాళీగా తిరిగొస్తే అదీ గిట్టదు. టూరిస్టు పడవలు వేరే సంగతి. లక్నవరంలోనో, లోయర్ మానేరులోనో తిరిగే పడవకు లాకు అక్కర్లేదు.

తమ్ముడు బీటెక్ మినీ ప్రాజెక్టు చేస్తానన్నాడు కాబట్టి పనికొచ్చే మాటలు రెండు. దుమ్ముగూడెం చూడాలంటే ఓరుగల్లు నుంచి ములుగు, ఏటూరునాగారం, మణుగూరు మీదుగా పోవచ్చు, లేదా ఇల్లందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరి గోదావరి ఎడమ గట్టున పర్ణశాల దారిలో పైకి పోవచ్చు. నాకు రెండో దారే ఇష్టం, బస్సులు ఎక్కువ. జనవరి నుంచి మార్చి మధ్య పో. నీరు తగ్గి ఆనకట్ట రాతి పని, కింద బండల బారు రెండూ కనిపిస్తాయి, అసలు అక్కడ లాకు ఎందుకు కావాల్సి వచ్చిందో ఆ బండలు చూస్తేనే తెలుస్తుంది. ఆనకట్ట దగ్గర తర్వాతి కాలంలో చిన్న జలవిద్యుత్ కేంద్రం వచ్చింది, కాస్త దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీ పనులు జరిగాయి. కాబట్టి లోపలికి ఎంతవరకు పోనిస్తారో ముందు ఇరిగేషన్ ఆఫీసులో అడిగి, కాలేజీ లెటర్ పట్టుకుని పో. గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదన పెట్టుకుంటే పని కాదు.

కొలతలకు మాత్రం ధవళేశ్వరమో, విజ్జేశ్వరమో మేలు. అక్కడ గది పొడవు, వెడల్పు టేపుతో కొలువు. ఎగువ, దిగువ మట్టాల తేడా రాతి మీది గేజీ చూసి రాసుకో. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి గది నిండడానికి ఎంతసేపు పట్టిందో నిమిషం నిమిషానికి మట్టం నోట్ చేయి. మొదట్లో గబగబా ఎక్కి, చివర్లో నత్తనడక నడుస్తుంది. తేడా తగ్గేకొద్దీ షట్టరులోంచి నీరు వచ్చే వేగం ఆ తేడా వర్గమూలం లెక్కన తగ్గుతుంది కాబట్టి అలా ఉంటుంది. ఆ గీత గ్రాఫ్‌లో గీస్తే షట్టరు రంధ్రం ఎంత పెద్దదో వెనక్కి లెక్క కట్టొచ్చు. గోడ అంచు మీద పాచి ఉంటుంది, చెప్పులు జారేవి వేసుకోకు. లాకులో నీళ్లు దిగుతున్నప్పుడు సెల్ఫీ కోసం తలుపు మీది పలక మీదికి ఎక్కకు. కొలతలు వచ్చాక ఇక్కడే పెట్టు, లెక్క చూసి చెబుతాను.